తీసిందెన్ని?

తెల్లారినప్పటి నుంచి మబ్బులు కమ్ముతూ విడుతూ ఉన్నాయి. కంటి ఆపరేషనై కట్టుతో కూర్చున్న మామగారు, యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో తాను రాసిన చిట్టి కమాండ్లకు ఎవరెవరో పంపిన మార్పులను కోడలిచేత చదివించుకుంటున్నారు.

“ఇదేంటి?”

“ఫైళ్ల లిస్టు చూపే కమాండ్‌కి రంగులు పెట్టాడొకాయన. నలభై లైన్లు.”

“తీసిందెన్ని?”

“ఏం తీయలేదు.”

“ఆ రంగులేవో ఇంటికి వేయించుకోమను. తర్వాత?”

“వరసలో పేర్చే కమాండ్‌కి కొత్త ఆప్షన్. ఇరవై పెట్టి, ఇరవై తీశారు.”

“చెల్లుకు చెల్లంటే కుదరదమ్మాయ్. పెట్టినదానికన్నా తీసింది ఎక్కువుండాలి. కోడ్ రాసేవాడికి ముందు కలుపు తీయడం రావాలి. తర్వాత?”

“తర్వాతది... నాది.”

“మళ్లీనా?”

“మళ్లీనే. కాపీ కమాండ్‌ది.”

“మూడుసార్లు వద్దన్నాను.”

“నాలుగోసారి వినండి. డిస్కు నిండితే ఆ సంగతి చెప్పి ఆగాలి. మీది సగం రాసి, పనంతా అయిపోయినట్టు నోరు మెదపకుండా ఊరుకుంటోంది.”

“వాడేవాడు చూసుకోవాలి. కుండ నిండితే కుండే కేకేస్తుందా?”

“పొర్లుతుంది మామయ్యా. కాళ్లు తడిస్తే తెలుస్తుంది. ఇది పొర్లదు కూడా.”

“ఊఁ.”

“రెండేళ్లు బావుల నీటిమట్టం కొలిచాను. కాపీ అయిందనుకుని అసలుది చెరిపేశాను. మిగిలింది ఏడు నెలల కొలతలే.”

“పాపమే. అయినా కోడలికో రూలు, ఊరికో రూలు అంటే నవ్వుతారు.”

“నావి ఎలాగూ పోయాయి. మా ఆఫీసులో పదకొండు మంది ఇంకా దాన్నే వాడుతున్నారు. వాళ్లవీ పోవాలా?”

“ఎన్ని లైన్లు పెట్టావ్?”

“నాలుగు.”

“తీసింది?”

“ఆరు.”

“ఆరా? ఆరే?”

“ఆరే.”

“ఇన్నాళ్లకి దారికొచ్చావు. నీ మొగుడికి ఇరవై ఏళ్లు నూరిపోసినా ఎక్కలేదిది.”

“ఏవి తీశానో చదవనా?”

“టెస్టులన్నీ పాసయ్యాయా?”

“అన్నీ.”

“మరింకేం? తీసేసినా పని ఆగలేదంటే దండగ లైన్లేగా. దండగకి చదువొకటి! చేర్చెయ్.”

“కారణం దగ్గర మీ మాటే రాస్తున్నాను. ‘దండగ లైన్లు తీసేశాం.’”

“రాయి. కింద నా పేరు కూడా పెట్టు. మిగతావాళ్లకి బుద్ధొస్తుంది.”

“పెట్టాను. అందరికీ వెళ్లిపోయింది. ఇక భోజనానికి లేవండి.”

“ఉండు. ఇంతకీ ఇన్నేళ్లూ నా కంట పడకుండా ఏ మూల నక్కాయమ్మా అవి?”

“మూలనేం కాదు మామయ్యా, ఫైలు నెత్తినే, కంప్యూటర్ చదవకుండా వదిలేసే చోట ఉన్నాయి. ఈ కమాండ్‌ని ఎంత పొదుపుగా రాశారో చెబుతూ, మీ గురించి మీరే రాసుకున్న ఆరు లైన్లు.”