మిషన్ నీళ్లు

ఆ బిందె ఎత్తొద్దవ్వా! కింద పెట్టు. తాగే నీళ్లు కావవి. ఏమా? అవును, మిషన్ నీళ్లే. నేను పెట్టిచ్చిన మిషన్ నీళ్లనే తాగొద్దంటాండా.

నవ్వొద్దు ఓబులవ్వా. ఎగతాళికి కాదు. శింగనమల బస్సు దిగి ఇంత ఎండలో నడిచొచ్చింది ఎగతాళికా?

ఆ కట్టమీద కూర్చో. నీ మోకాళ్లు వంగవు కదా. బోరు నీళ్లల్లో ఫ్లోరైడ్ తాగి తాగి అట్లయినాయి. నీ కోడలు హేమావతికి, దాని కడుపులో బిడ్డకు ఆ గతి పట్టకూడదనే కదా నేను కాలేజీలో ఇన్నాళ్లూ తన్నుకులాడింది.

మీ శెనక్కాయ పొట్టే తీసుకపోయి, కాల్చి, ఆ బొగ్గుతో నల్ల పలకలు చేసినా. "ధర్మవరం మగ్గాలోళ్ల బిడ్డవు, పట్టు వదిలి పొట్టు మోస్తాండావే" అని నువ్వే అంటివి. ఆ పలకల నిండా కంటికి కనపడని బెజ్జాలుంటాయవ్వా. కరెంటు ఇస్తే నీళ్లల్లోని ఫ్లోరైడ్ పోయి ఆ బెజ్జాల్లో అతుక్కుంటాది. నీళ్లు మంచివవుతాయి. అంతే విద్య.

ఈడ పరీక్షకు నడిపిన మొదట్లో బాగానే పని చేసింది. అబద్ధం కాదు, మా నాయన మీద ఒట్టు.

కానీ ఈ నేల నీళ్లల్లో సున్నం ఎంతుండాదో నీకు నేను చెప్పల్లా? నీళ్లు కాచే గిన్నెకు అడుగున తెల్లగా పేరుకుంటాదే, అదే. అది నా పలకల మీద పొర కట్టింది. బెజ్జాలన్నీ మూసుకపోయినాయి. ఇంగ ఫ్లోరైడ్‌ను యాడ పట్టుకుంటాది? ఇటు పోసిన నీళ్లు అటు అట్లే వస్తాండాయి.

ఎప్పుడు తెలిసిందా?

అదే కదవ్వా... ప్రారంభానికి ముందురోజే తెలిసింది. మా సారు నరసింహప్పకు చెప్దామని పోయినా. ఆయన శాలువాలు తెప్పిచ్చి, "అశ్వినీ, రేపు అందరూ నిన్నే చూస్తారమ్మా" అని ఒకటే సంబరం. చెప్పకుండానే తిరిగొచ్చేసినా. ఫ్లోరైడ్ కొలిచే మీటరే తప్పు చూపిచ్చిందేమో అని నాకు నేనే సర్ది చెప్పుకున్నా.

తెల్లారి మైకులో ఏమన్నా? "భయం లేకుండా తాగండి" అన్నా. హేమావతి ముందర కూర్చోని చప్పట్లు కొట్టింది. నేనే లోటా నింపి దాని చేతికిచ్చినా. గటగటా తాగి, "తియ్యగుండాయక్కా" అనింది.

ఆ మాటకే మీరు క్యాన్ నీళ్లు మానుకున్నారు కదా?

నిన్న మళ్లీ పరీక్ష చేసినా. మీటరు తప్పేం కాదు. పొద్దున సారుకు చెప్పేసినా. తలకాయ పట్టుకోని కూర్చున్నాడు పాపం. పలకలు కడిగితే పొర పోతాది, కానీ మళ్లీ కడతాది. గుట్టుగా కడిగేసి పోదామనే పాడుబుద్ధి కూడా పుట్టింది నాకు. ఎవరికి తెలుస్తాది? ఫ్లోరైడ్‌కు రుచా, వాసనా?

అట్ల చూడొద్దవ్వా. తిట్టు. ఒక మాటన్నా తిట్టు.

తిట్టవు. నాకు తెలుసు నువ్వు తిట్టవని. అందుకే ఊర్లోకి పోకుండా నేరుగా నీ కాడికొచ్చినా. హేమావతి మొగం చూసే ధైర్యం లేక, ఆ మాట నీతోనే చెప్పిద్దామని వచ్చినా. ఎంత సిగ్గులేని దాన్నో చూడు.

ఏమీ? నువ్వు చెప్పవా?

యాడ? ...అవును, అదే వస్తాంది. కడుపు పట్టుకోని, నన్ను చూసి నవ్వుకుంటా వస్తాంది.

నువ్వు లేవొద్దవ్వా. నేనే పోయి చెప్తా.