ఐలవ్వ పోసిన గుక్కెడు కల్లు

ఐలవ్వ అనేటామె, మొగుని పేరు కొంరెల్లి. ఆమె ఎసొంటిదనుకున్నరు? సర్కారు కల్లు, సారా బందు పెట్టింది చూడుండ్రి, ఆ బందు కోసం కచ్చేరి ముందట ఇరువై దినాలు కూసున్న ఆడోళ్ళల్ల ముందు వరుస ఆమెదే అంట. అమ్మినోనికి జేలు, తాగినోనికి జుర్మాన, ఇంట్ల దాస్తే దాసినోన్ని పట్టుకపోవుడే, గట్ల వచ్చింది కానూను. ఐలవ్వ ఇంటికొచ్చి మొగునితోని ఏమన్నదంటే, ఊరికి చెప్పేదాన్ని, నా ఇంట్లనే వాసనొస్తే నా మొకం యాడ పెట్టుకోవాలె, ఒట్టెయ్యి అన్నదంట. కొంరెల్లి పొద్దుగూకితే లొట్టెడు కల్లు తాగనిదే బువ్వ ముట్టనోడు. అయినా సరే తియ్ అని ఒట్టేసిండు. ఏసినోడు ఏసినట్టే ఉన్నడు. రోజు పొద్దుగూకంగ అరుగు మీద కూసోని తాటివనం దిక్కు చూసేటోడంట, గంతే. పాపం అనిపిస్తది. నాకైతే అనిపిస్తది.

రెండేండ్లకు ఏమైందంటే, ఆయనకు జొరమొచ్చింది. దవఖాన అయింది, నాటుమందు అయింది, ఏది పనిచెయ్యలే. పానం పొయ్యే ముందు, ఐలా, గొంతు ఎండుతుందే, ఒక్క గుక్కెడు పొయ్యవే అని అడిగిండంట. ఆమె ఏమన్నది, ముందుగాల లేసి తిరుగు, అప్పుడు చూద్దాం అన్నది. లేసింది లేదు, తిరిగింది లేదు.

ఇగ మూడోనాడు పిట్టకు పెట్టుడు. సచ్చినోనికి ఇష్టమైనవన్ని వండి విస్తర్ల పెట్టి, అందరు దూరం జరిగి కూసుంటరు. కాకి వచ్చి ముడితే ఆయన పానం సల్లవడ్డట్టు, ముట్టకపోతే కోరిక మిగిలినట్టు. అది ముట్టేదాక ఎవ్వరు మెతుకు నోట్ల పెట్టద్దు. యాటకూర పెట్టిండ్రు, గారెలు పెట్టిండ్రు, బీడికట్ట గూడ పెట్టిండ్రు. కాకులు ఉన్నయ్ అనుకో, అల్ల తుమ్మచెట్టు మీద బారెడు వరుస. ఒక్కటి దిగదు. పొద్దు నెత్తి మీదికొచ్చింది, దిగదు. పొద్దు వాలవట్టింది, దిగదు. కడుపులు కాలుతున్నయ్ మనుషులకు. అప్పుడు మరిది గాలయ్య మెల్లగ అందుకున్నడు. వదినె, అన్నకు ఏం కావాల్నో నీకు ఎరిక లేదా, గుక్కెడు కల్లు పెట్టు అన్నడు. పెద్దమనిషి రాజలింగం, అవునవ్వ, కానూను మనుషులకు గని కాకులకుంటదా అన్నడు. అండ్ల ఆబ్కారి జవాను బాలమల్లు గూడ ఉన్నడు, కొంరెల్లికి దూరపు చుట్టం. ఆయన ఏమంటడంటే, చెల్లె, నేను అటు తిరిగి కూసుంట అన్నడు. నవ్వకుండ్రి, జవాను గూడ ఆకలి మనిషే గద.

ఐలవ్వకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. ఊరి ముందట మాట తప్పాల్నా, మొగన్ని దూపతోని పంపాల్నా? ఎటూ తోచలే. ఆఖరికి, సరే, ఎవరింట్లనన్న ఉంటే గుక్కెడు తెండి, ఒక్క గుక్కెడు అన్నదంట.

అన్నదో లేదో, ఉరుకుడే ఉరుకుడు. బీడి కాలినంత సేపు గూడ పట్టలే. గాలయ్య వడ్లగుమ్మిలకెల్లి సీసా తెచ్చిండు. రాజలింగం గడ్డివాములకెల్లి సీసా తెచ్చిండు. ఒకడు లొట్టి తెచ్చిండు, అండ్ల నురుగు ఇంక పొంగుతనే ఉన్నది, అంటే పొద్దుగాల దింపిన కల్లే. ఇంకొకడు తెచ్చిండు, ఇంకొకడు తెచ్చిండు. జవాను బాలమల్లు సైకిల్ సంచిలకెల్లి తీసిండు, పట్టుకున్న మాలే, కచ్చేరికి చేరలేదు. అన్ని తెచ్చి ఆమె ముందట వరుసగ పెట్టిండ్రు.

ఐలవ్వ ఆ వరుస చూసింది. ఒక్కటొక్కటే చూసింది. మీ అందరిండ్లల్ల ఉన్నదా, అన్నది. మరి ఈ రెండేండ్లు సర్కారు చెప్పినట్టు ఉన్నది నా మొగడొక్కడేనా, ఊరంత తాగుతుంటే దూపతోని సచ్చింది గాయనొక్కడేనా, నేనే సంపుకున్న గదా అని గుండెలు కొట్టుకున్నదంట. అందరు తలకాయలు కిందికేసిండ్రు.

ఇగ చూడు, లేసింది. ఆ నురుగు లొట్టి ఎత్తి మోదుగాకు డొప్పల గుక్కెడు పోసి విస్తరి పక్కన పెట్టింది. తాగవయ్య, ఎవ్వలు అడ్డం రారు, అన్నది. అని నాలుగడుగులు ఎనుకకు జరిగిందో లేదో, తుమ్మచెట్టు మీదికెల్లి ఒక కాకి దిగింది, డొప్పల ముక్కు పెట్టింది. కల్లుకే దిగిందో, ఆమె ఏడ్పు సూసి దిగిందో, కాకినడిగితే కాకి చెప్తదా. జనం మాత్రం అమ్మయ్య అని విస్తర్ల దిక్కు లేసిండ్రు. ఆగుండ్రి అన్నది ఐలవ్వ. కట్టె అందుకొని మిగిలిన సీసాలు, లొట్టి, అన్ని పగలగొట్టింది, ఒక్కటి ఇడువలే. జవాను దిక్కు తిరిగి, బాలమల్లన్నా, కల్లు పోసింది నేను, ముందుగాల నా పేరు రాసుకో, తరువాత ఎవలెవలు తెచ్చిండ్రో వరుసగ రాయి అన్నదంట. బాలమల్లు కాయితం తీసిండు, పెన్ను తీసిండు, పగిలిన పెంకలల్ల తన సీసా పెంక సూసిండు, కాయితం, పెన్ను మల్ల జేబుల పెట్టుకున్నడు.

గప్పటి సంది మా దిక్కు పిట్ట ముట్టకపోతే కల్లు పెట్టుమని ఎవ్వడనడు. పొద్దుగూకేదాక ఉపాసం కూసుంటరు గని, కిక్కురుమనరు. కల్లు పెట్టుండ్రి అని అన్నోన్నే, ఏది, నీ ఇంట్లది తే అంటరు గదా.