కుడివైపు పళ్ళు

నా నోట్లోకి చూశావు గదా, ఏటి కనిపించింది? చెప్పరా సత్యం. మేనమామనని మొహమాటమా, పిల్లనిచ్చిన మావనని భయమా?

కుడిపక్క పళ్ళన్నీ ఉన్నాయి. ఎడమపక్క ఒక్కటీ లేదు. అదే గదా?

ఇక నీ నోటి సంగతి. చిగుళ్ళు ఉబ్బిపోయి, ముందుపళ్ళు రెండు కదుల్తన్నాయి. తోమితే రక్తం వత్తందని తోమడమే మానేశావు. స్టీల్ ప్లాంటులో అంతెత్తు చిమ్నీ కడతన్నవాడివి, నీ బుర్రకి తట్టింది ఇదా? పైగా పొగాకు నుసి కూరుతన్నావు. రేపు పాతూర్లో గొడుగు కింద కూర్చుని పళ్ళు పీకేవాడి చేత పీకించేసుకుంటావట, నీ పెళ్ళాం పద్మావతి చెప్పిందిలే. వాడి పటకారు చూశావా? సైకిలు షాపులో అంతకంటే శుభ్రమైంది ఉంటాది.

పుచ్చని పన్ను ఎందుకు కదుల్తందిరా? చిగురు కింద గార రాయిలా పేరుకుంటాది. దానికే చిగురు వాస్తాది, రక్తం కారతాది. వదిలేస్తే పంటిని పట్టుకున్న ఎముక కరిగిపోతాది. గార తీయించాలి, రోజూ తోమాలి. అంతే వైద్యం.

"గార తీస్తే పళ్ళు వదులైపోతాయి మావా" అని గొణక్కు. ఆ మాట నీకు చెప్పిందెవరు? నానే గదా.

పదకొండేళ్ళ కిందట, డెబ్బై నాలుగులో, పెద్దాసుపత్రికి వెళ్ళాను. డాక్టరు కుడివైపు గార తీసి, ఎడమవైపుకి వారం పోయాక రమ్మన్నాడు. ఇంటికొచ్చి నాలుకతో తడిమితే పళ్ళ మధ్య సందులు. అవి గార ఉన్న చోట్లని తెలీదు. పళ్ళు వదిలేశాయనుకుని మళ్ళీ వెళ్ళలేదు. హార్బర్లో తోటి ఖలాసీలందరికీ చాటాను కూడా, మహా తెలిసినవాడిలా.

కుడివైపు రక్తం ఆగింది, అటే తోమేవాణ్ణి. ఎడమవైపు వేలు పెట్టేవాణ్ణి కాదు. ఆ పళ్ళు ఒక్కొక్కటే ఊడితే, క్రేన్ హుక్కు తగిలి కదిలాయని చెప్పుకున్నాను. పోయిన నెల ఆ ఆసుపత్రి డాక్టరమ్మ అడిగింది, "తాతగారూ, ఒకవైపే గార తీయించుకున్నారా?" అని. ఆ సందులు గార ఉన్న చోట్లేనని, పళ్ళు వదులవలేదని ఆవిడే చెప్పింది.

మీ అత్త నా మాట నమ్మింది. చిగుళ్ళు కారతన్నా ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు జంతికలు టీలో నానబెట్టుకు తింటాది. దాని ఎదురుగా కూర్చుని కరకరమని నమలాలంటే నాకు సిగ్గు.

దానికి ఈ నిజం ఇప్పటికీ చెప్పలేదురా. నా మాట పట్టుకుని రేపు నీ పళ్ళూ పోతే, నా కూతురికి ఏటని చెప్పమంటావు?