పోతురాజు బండి

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక మెకానిక్ పోతురాజు షెడ్డు తెరవలేదు. నాలుగు నెలలుగా కదలని అతని సొంత బండి ముందు, ఆ ఉదయం భార్య సుభాషిణి రిపేరు పుస్తకం తెరిచి కూర్చుంది.

"అది కంపెనీవాళ్లు ఇచ్చిన పుస్తకం. నేనెప్పుడూ తెరవలేదు."

"తెలుసండీ. దాని మీద గ్రీజు డబ్బా పెట్టేవారు. ముందు ప్లగ్ తీయమని రాశారు."

"ఎడమవైపుకి తిప్పు. మెల్లగా."

"వచ్చింది. అంతా మసి."

"గరుకు కాగితంతో రుద్దు."

"రుద్దాను. ప్లగ్ కొసన గ్యాప్ సున్నా పాయింట్ ఏడు మిల్లీమీటర్లు ఉండాలట."

"ఆ లెక్కలు నాకు తెలీవు. గోరు పెట్టి చూసేవాణ్ణి."

"అయితే గోరు పెట్టండి."

"ఎడమచేతిదా?"

"ఏ చేతిదైతే ఏంటి?"

"ఎక్కువుంది. కొంచెం తట్టు. ఇంకొంచెం. ఆ, చాలు."

"ఉండండి, పనిముట్ల పెట్టెలో గ్యాప్ కొలిచే గేజీ ఉందిగా, పెట్టి చూస్తాను. సరిగ్గా పాయింట్ ఏడే!"

"బిగించి కిక్కు కొట్టు."

మూడో కిక్కుకి ఇంజను అందుకుంది.

"మీరు నూజివీడు ఆసుపత్రిలో చేతికి ఎక్సర్‌సైజు చేయించుకుని పది రోజులైంది. ఆటోలన్నీ మామిడికాయలు తోలుతున్నాయి. ఇక బండి మీదే వెళ్దాం."

"ఈ చేత్తో యాక్సిలేటర్ ఎలా తిప్పను?"

"నేను తిప్పుతాను."

"నీకు నడపడం రాదుగా."

"పుస్తకంలో చూస్తాను."

"అందులో ఉండదు. ఇవాళ తోట దారిలో నేర్చుకుందువుగాని. ముందు నువ్వెక్కు. నేను వెనకాల కూర్చుని చెప్తాను."