వెండి రేణువుల వెలుగులో మహమూదా గారు

1990 ఆగస్టు 16వ తేదీన, నరసరావుపేటలోని మన కళాశాల రసాయనశాస్త్ర విభాగంలో ప్రయోగశాల సహాయకురాలిగా శ్రీమతి షేక్ మహమూదా గారు ఉద్యోగంలో చేరారు. ముప్పై ఐదేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం, అదే విభాగానికి అధిపతిగా ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు.

వారి తండ్రి హబీబుల్లా గారు ఊరూరా తిరిగి రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవారు. గిన్నె లోపల మురికి పోయేదాకా తోమనిదే తగరం అంటుకోదన్న సంగతి ఆ ఇంటి బిడ్డకు బడిలో చేరకముందే తెలుసు. ఉద్యోగం చేస్తూనే ఎమ్మెస్సీ పూర్తిచేసి 1999లో అధ్యాపకురాలైన మహమూదా గారు, లోహపు ఉపరితలాలు కాంతి సంకేతాలను ఏ విధంగా వృద్ధి చేస్తాయన్న అంశంపై పరిశోధించి 2012లో డాక్టరేట్ పొందారు.

వినడానికి జటిలమైన ఆ విషయం వారి నోట సులభమయ్యేది. ఏ పదార్థంపైన లేజర్ కిరణం పడినా, చెదిరి వచ్చే వెలుగులో అత్యల్ప భాగం ఆ పదార్థపు ఆనవాలును మోసుకొస్తుంది. నీటిలో కలిసిన లేశమాత్రపు మందును పట్టివ్వడానికి ఆ సంకేతం చాలదు. అదే మందు అతిసూక్ష్మమైన వెండి రేణువులకు అంటుకున్నప్పుడు, వెండిలోని ఎలక్ట్రాన్లు కాంతితో పాటు ఒక్కుమ్మడిగా ఊగి, రేణువుల నడుమ ఇరుకు సందుల్లో వెలుగును కూడగట్టి, సంకేతాన్ని లక్షల రెట్లు పెంచుతాయి.

2018 జూన్ తొలివారంలో ఎమ్మెస్సీ విద్యార్థిని లహరి తన ఊరు ముప్పాళ్ళ నుంచి ఒక సీసాలో బావి నీళ్లు తెచ్చింది. ఆమె తండ్రి హనుమయ్య గారి గేదెలు రెండు ఒకే రోజు చనిపోయాయి. పక్క చేను గోపాలకృష్ణయ్య గారు వేరుశనగ విత్తనాలకు పట్టించే థైరమ్ మందు డబ్బాలను ఆ బావి దగ్గరే కడిగారని హనుమయ్య గారి అనుమానం. వెండి ద్రావణంలో ఆ నీళ్లు కలిపి లేజర్ కింద పెట్టగానే తెరపై థైరమ్ గీత నిట్టనిలువుగా లేచింది.

“మేడం, చూడండి, ఎట్లా లేచిందో!”

“అవునే, ఉన్నట్టే ఉంది” అన్నారు మహమూదా గారు.

ఆ మాట ఫోనులో ముప్పాళ్ళ చేరింది. హనుమయ్య గారు నలుగురిలో గోపాలకృష్ణయ్య గారి చొక్కా పట్టుకున్నారు; పోలీసులకు ఇవ్వడానికి ఫిర్యాదు కూడా రాయించారు.

మర్నాడు ఉదయం మహమూదా గారు, ముందే చేయవలసిన పరీక్షను అప్పుడు చేశారు. వెండి ద్రావణంలో బావి నీటికి బదులు శుద్ధజలం కలిపారు. అదే గీత, అదే చోట లేచింది. ఏం జరిగిందో వారికి అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వారం థైరమ్ కలిపిన బీకరును నీళ్లతో మాత్రమే కడిగి, దానిలోనే వెండి ద్రావణం కాచారు. నీటిలోని విషాన్ని ఎంత పెద్దది చేసి చూపగలదో, ప్రయోగశాలలోని అశ్రద్ధనూ వెండి అంతే పెద్దది చేసి చూపింది. ఆమ్లంతో సామగ్రి అంతా కడిగి, కొత్త ద్రావణం కాచి, బావి నీటిని మూడుసార్లు పరీక్షించారు. గీత లేదు.

“ఫోన్ చేసి చెప్పండి మేడం, చాలు. బయటికి పొక్కితే కాలేజీకి బాగోదు” అన్నారు నాటి విభాగాధిపతి త్రికోటేశ్వరరావు గారు.

“మాట జారింది నేను సార్. మొహం చూసి చెప్పాల్సిందే” అని మహమూదా గారు లహరిని వెంటబెట్టుకుని బస్సెక్కారు.

“ఏందమ్మా ఇది? నిన్న ఉందంటిరి, ఇయ్యాల లేదంటారా? ఆయనేమన్నా చెప్పి పంపాడా?” అని హనుమయ్య గారు గద్దించారు.

“ఎవరూ పంపలేదన్నా. మందు మీ బాయిలో లేదు, మా గిన్నెలో ఉంది. తప్పు నాది. నా మాట పట్టుకుని ఆయన మీద కాగితం పెట్టమాకండి.”

గొడ్లు ఆ రోజు ఎక్కడ మేశాయని మహమూదా గారు అడిగితే, లహరి తల్లి యశోద గారు, “కోసిన జొన్న చేలో పిలకలు మేశాయమ్మా, ఇంటికొచ్చీ రాంగానే పడిపోయినై” అన్నారు. వెళ్లి ఆ సంగతి చెప్పగానే ఊళ్లోని పశువైద్యుడు తల ఊపారు. వానలేక వాడిన జొన్న పిలకల్లో విషం చేరుతుందని, దాన్నే నాము అంటారని, గేదెలను చంపింది అదేనని వివరించారు. హనుమయ్య గారు ఫిర్యాదు కాగితం చింపేసి గోపాలకృష్ణయ్య గారి గడప తొక్కారు.

“నేనూ ఆ బాయి నీళ్లే తాగుతున్నా గదరా” అన్నారట గోపాలకృష్ణయ్య గారు. అంతకు మించి ఒక్క మాట అనలేదట.

రెండేళ్ల తర్వాత ఈ పద్ధతిపై మహమూదా గారి పరిశోధన వ్యాసం అచ్చయింది. బీకరు ఉదంతం అందులో ఒక పేరా. దాన్ని తీసేస్తే వ్యాసం బలంగా ఉంటుందని పెద్దలు సూచించారు. “అది తీసేస్తే మిగతాది ఎవరైనా ఎందుకు నమ్మాలి?” అన్నారు వారు. ఆ పేరా అలాగే ఉంది. ఇతర రాష్ట్రాల విద్యార్థులు నేటికీ ఉత్తరాలు రాసి అడిగేది ఎక్కువగా దాని గురించే.

ఎందరో విద్యార్థులకు వారు నేర్పింది రసాయనశాస్త్రం. నేర్పుతున్నట్టు తెలియకుండా అలవాటు చేసింది, పొరపడ్డానని తలెత్తి చెప్పగల ధైర్యం. భర్త ఐజాజ్ గారితో, కుమార్తె ఇరమ్‌తో వారి విశ్రాంత జీవితం ఆరోగ్యంగా, నిశ్చింతగా సాగాలని, ముప్పై ఐదేళ్లు నిలబడి అలసిన ఆ కాళ్లకు ఇకనైనా తీరిక దొరకాలని, నిండు నూరేళ్లూ వారు మన మధ్యనే ఉండి మన తప్పులను ఇదే ప్రేమతో దిద్దుతూ ఉండాలని సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాము.