అక్కకు చెప్పిన గుట్ట

ఆ మెషిన్ కాసేపు ఆపక్కా. కాలర్ ఇప్పుడే కుట్టకపోతే కొంపలేం మునిగిపోవు. నేనేదైనా అడగబోతే చాలు, నీకు ఎక్కడలేని పనీ గుర్తొస్తుంది.

బావ లేడుగా? బయట బండి లేదులే, చూసే వచ్చాను. ఈమధ్య ఎక్కడికెళ్ళినా ముందూ వెనకా చూసుకుని గాని అడుగెయ్యడం లేదు. అందులో నవ్వడానికేముంది?

నా పని నీకు తెలుసుగా. ఏ జంతువు ఏ అడవిలో ఎంతమేర బతుకుతోందో వెతికి మ్యాపు గియ్యడం. అదే పులైతే ఊరంతా కథలు చెప్పుకుంటారు. నాది అలుగు. ఒళ్ళంతా పొలుసులు తొడుక్కుని, అలికిడైతే బంతిలా చుట్టుకుపోయే పిచ్చిది. ఆ ఉపాయం పులి దగ్గర పనిచేస్తుంది. మనిషి దగ్గర చెయ్యదు. మనిషి వంగి, బంతిని ఎత్తినట్టే ఎత్తి సంచిలో వేసుకుంటాడు. ఆ పొలుసులు మందుల్లోకట. మన గోళ్ళలాంటివే అవి. గోరు అరగదీసి తాగితే ఏ రోగం తగ్గుతుంది చెప్పు?

అందుకే మేం అచ్చువేసే మ్యాపులో చుక్క పెట్టం. పెద్ద గళ్ళు గీసి, ఈ గడిలో ఎక్కడో ఉందని వదిలేస్తాం. మరి వానలకు ముందు నేను కెమెరా కట్టిన బొరియను ఎవరు తవ్వారు? కెమెరా కూడా ఊడబీక్కుపోయారు. దారినపోయేవాడి కంట పడే చోటు కాదది. ఎవరో చెప్పే ఉంటారు.

అప్పట్నుంచీ నాకు గాలి వీచినా అనుమానమే. ఫోనొస్తే మా సార్ వరండాలోకి ఎందుకెళ్తాడు? నాతో పనిచేసే బైనాక్యులర్, అదే, పెళ్ళిళ్ళకి కూడా అది మెడలో వేసుకొస్తాడని మనం ఆ పేరు పెట్టినవాడు, కొత్త బండి ఎలా కొన్నాడు? సార్‌కొచ్చేది మోకాళ్ళ డాక్టర్ ఫోనని తర్వాత తెలిసింది. తెలిస్తే మాత్రం? రోజూ మోకాళ్ళేనా, అనుకున్నా.

నవ్వు, నవ్వు. నవ్వుతూనే విను.

ఈలోగా ఇంకో బొరియ దొరికింది. తల్లీ పిల్లా. పిల్ల ఎప్పుడూ తల్లి తోక మీదెక్కి ఊరేగుతుంటుంది. నోరు విప్పకూడదనే అనుకున్నాను. కానీ సార్ అడిగాడు, బైనాక్యులర్ అడిగాడు. ఇక నువ్వు. అడవికెళ్ళేవాళ్ళు ఇంట్లో ఒకరికి చోటు చెప్పి వెళ్ళాలి, తిరిగి రాకపోతే ఎక్కడ వెతకాలో తెలియాలిగా. మా పద్ధతది. నాకు ఇల్లంటే నువ్వే.

ముగ్గురికీ మూడు చోట్లు చెప్పాను. మూడూ అబద్ధమే. ఏ చోట తవ్వితే ఆ నోరు జారినట్టు.

సార్‌కి చెప్పిన చోట గడ్డి కూడా నలగలేదు. బైనాక్యులర్‌కి చెప్పిన చోటా అంతే. నిన్న మూడోదానికి వెళ్ళాను. ఆ రాళ్ళ గుట్టకి. నీకు చెప్పిన గుట్టకి. నేలంతా కుళ్ళబొడిచి పెట్టారు. ఉచ్చులు, పొగబెట్టిన మసి. పాపం, ఏం దొరుకుతుంది వాళ్ళకి? అక్కడ దానికి తినడానికి చీమల పుట్టయినా లేదు.

అలా చూడకు. ఎవరితో అన్నావు? బావతోనేగా? ఏం ఆశపడి అన్నావక్కా?

ఏంటి? ఎప్పుడు?

నేను ఆలస్యంగా వచ్చిన రోజా? ఫోన్ కలవట్లేదని నువ్వే పంపావా బావని? పొద్దుగూకుతోంది, ఒక్కడివల్ల కాదని స్నేహితుల్ని కూడా తీసుకెళ్ళాడా. మా చెల్లి అలుగు కోసం ఆ గుట్టకే వెళ్తుందని వాళ్ళకీ నువ్వే చెప్పావా. అవున్లే, చెప్పకపోతే వాళ్ళెలా వెతుకుతారు.

అయితే వాళ్ళలోనే ఎవడో తర్వాత పార పట్టుకుని మళ్ళీ వెళ్ళుంటాడు.

ఆ రోజు నీతో బండి చెడిందన్నాను. బండి బాగానే ఉంది. కాలు మెలిపడి అవతలి గుట్ట కింద, వాగు పక్కన కూలబడ్డాను. ఎవరైనా వస్తారేమోనని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. అలికిడి లేదు. అక్కకి కూడా పట్టలేదు, ఎవరి స్వార్థం వాళ్ళదే అనుకుంటూ, కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చాను.

బావ గొంతు పోయేదాకా పిలిచాడా?

వినపడలేదక్కా. ఆ గుట్ట మీద పిలిస్తే నాకెలా వినపడుతుంది?

నీకెందుకు అబద్ధం చెప్పానా? నిన్ను కూడా వాళ్ళ వరసలోనే నిలబెట్టాను, అందుకు. ఏడవకు. తిట్టాలంటే తిట్టు.

మొదటి బొరియ ఎవరు తవ్వారో ఇప్పటికీ తెలీదు. తల్లీ పిల్లా ఇంకా ఉన్నాయి. రేపు మళ్ళీ వెళ్తున్నాను. ఈసారైనా నిజం చెప్పి వెళ్ళమంటావా? చెబితే, కాస్త ఆలస్యమైందంటే మళ్ళీ మనుషుల్ని పంపుతావు. పంపకుండా ఉండలేవు. ఆ సంగతి ఇప్పుడు బాగా తెలిసింది. అందుకే చెప్పను.

రాకపోతేనా?

వెతకొద్దు. నీకు దొరకను.