ఆకుపచ్చ వెలుగు ఆరినాక

అధ్యక్షత వహించిన విభాగాధిపతి సౌందరరాజన్ గారికి, పెద్దలకు, తోటి పరిశోధక మిత్రులకు, ముందు వరుసలో కూర్చున్న రుక్మణి అత్తకు నమస్కారం. ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మా లేజర్ ప్రయోగశాల సహాయకులు, అత్త భర్త వీరరాఘవన్ మామ, "ఒకరన్నా మన ఇంటి మాటలో మాట్లాడండి పాపా" అన్నందుకు తెలుగులో మాట్లాడుతున్నాను. తమిళ మిత్రులకు ఇది సగం తమిళంలాగే వినిపిస్తుందని ధైర్యం చెప్పింది కూడా ఆయనే. (నవ్వులు)

మా పని, సూక్ష్మ రంధ్రాలున్న స్ఫటికాల పొడి మీదికి కంటికి కనబడని పరారుణ లేజర్ పంపి, అందులోంచి ఆకుపచ్చ వెలుగు వస్తుందా అని చూడటం. రంధ్రాలు ఖాళీగా ఉంటే రాదు. తగిన అణువులు లోపలికెళ్లి ఒకే దిక్కుకు నిలబడితే వస్తుంది. మూడు నెలలు ఏమీ రాక నేను ఏడుస్తుంటే, ఉప్పళంలోని తన ఇంటి నుంచి సైకిలు మీద వచ్చి చెమట తుడుచుకుంటూ మామ అన్నారు: "ఏంది పాపా, ఇంటిని ఇంతగా కాలుస్తా ఉండావే, లోపల మనిషే లేకుంటే దీపం ఎవురు పెడతారు?" పొడిని మరీ వేడిచేసి అణువుల్ని నేనే తరిమేస్తున్నానని అప్పుడు తెలిసింది.

ఇందాక ఒక మిత్రుడు, అందరికీ జాగ్రత్తలు నేర్పి చివర్లో తన కళ్లద్దాలే మరిచిన గురువు అని మామను ఆటపట్టించారు. అందరూ నవ్వారు. మామ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన మరిచిపోలేదు.

పోయిన ఏడాది జూలై ఆఖర్లో, ఆడి నెలలో ఒక మధ్యాహ్నం, పొడి ఉన్న గాజుపలకను తీసేశాను. ఆకుపచ్చ ఆరింది. అది చూసి, మీట కూడా కట్టేశాననుకుని "లేజర్ ఆపేశాను మామా" అన్నాను. పలక తీస్తే ఆరేది ఆకుపచ్చ మాత్రమే. కనబడని కిరణం అలాగే పోతూ ఉంటుంది. నా మాట నమ్మి ఆయన రక్షణ కళ్లద్దాలు తీసి, కటకం సర్దడానికి వంగారు. కుడి కంటికి ఎదురుగా ఉన్న మనిషి ముఖం ఇప్పుడాయనకు కనబడదు, అంచులే కనబడతాయి. నివేదికలో మాత్రం "నా అజాగ్రత్త" అని రాసి సంతకం పెట్టారు. ఆసుపత్రి వరండాలో నాతో, "నాకు ఇంక పది నెలలే ఉద్యోగం. నీకు పట్టా రావాల. గమ్మునుండు" అన్నారు.

గమ్మునున్నాను. ఆనాటి కొలతలతోనే వ్యాసం అచ్చయింది. మీరు చప్పట్లు కూడా కొట్టారు.

అధ్యక్షులవారూ, జరిగింది జరిగినట్టు రాసిన ఉత్తరం మీ ముందు బల్ల మీద పెట్టాను. వచ్చే వారం నా మౌఖిక పరీక్ష జరగాలో వద్దో మీ ఇష్టం. ఆ నివేదిక మాత్రం మార్చండి.

మామా, చెయ్యి ఊపకండి, ఇక ఆపలేను. అత్తా, మీ చేతి కాఫీ తాగుతూ ఎన్నిసార్లో చెప్పబోయి లేచి వచ్చేశాను. ఇందరి ముందు చెప్పాల్సి వచ్చింది. ఓపికగా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. కిందికి దిగి ఆయనకు కన్ను బాగున్న ఎడమ వైపు కూర్చుంటాను, మాట్లాడదలిస్తే మాట్లాడతారు. సెలవు.